పడని తిండి, బడి డబ్బా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

బడులు తెరిచినప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం అడుగుతున్నాయి: ఫలానా తిండి పడని పిల్లకు మధ్యాహ్నం డబ్బాలో ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి? అందుకే ఈ సంచికలో స్థలమంతా దానికే ఇచ్చాను. నేను పిల్లల ఆసుపత్రిలో ఆహార నిపుణురాలిని, వైద్యురాలిని కాను. ఏ పరీక్ష చేయించాలి, ఏ మందు ఎంత వాడాలి అన్నవి మీ డాక్టరే చెప్పాలి. మీ వంటింటి గట్టు దగ్గర బయలుదేరిన డబ్బా తరగతి గదిలో మూత తెరుచుకునే దాకా ఏమవుతుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో నేను చెప్పగలను. అపాయం చాలాసార్లు ఆ దారిలోనే ఎదురవుతుంది.

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు, యూకేజీ చదువుతోంది. పల్లీలు పడవని నిరుడు తెలిసింది. చట్నీ తిన్న కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, పెదవులు వాచిపోతే ఆసుపత్రికి పరుగెత్తాం. అప్పటి నుంచి పల్లీ చట్నీ మా వరకే చేసుకుంటున్నాం, పాప డబ్బాలో పల్లీ మాటే లేదు. అయినా ఈ మధ్య బడి నుంచి వచ్చినప్పుడు మూతి చుట్టూ ఎర్రటి దద్దుర్లు కనిపిస్తున్నాయి. ఏం పెట్టాలో తోచక రోజూ పెరుగన్నమే పంపిస్తున్నాను.
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, పెరుగన్నం మంచిదే. కానీ రోజూ అదే అయితే పాప తన డబ్బా మూసేసి పక్క డబ్బాలోకి చూస్తుంది. మన ఊళ్లలో ఆ పక్క డబ్బాలో ఇడ్లీతో పాటు పల్లీ చట్నీ ఉండే అవకాశమే ఎక్కువ. మూతి చుట్టూ దద్దుర్లు వస్తున్నాయంటే ఎక్కడో పల్లీ తగులుతున్నట్టే అనుకోవాలి. తక్కువగానే వచ్చాయి కదా అని ఊరుకోవద్దు. ఒకసారి కొద్దిపాటి దద్దుర్లతో పోయినది మరోసారి ఊపిరి అందని స్థితికి తీసుకెళ్లవచ్చు. ఈ వారమే డాక్టరుకు చెప్పండి. ఈలోగా వంటింట్లోనూ, పాప కూర్చునే బల్ల దగ్గరా వెతకండి.

వంటింట్లో మొదట మిక్సీ జారు చూడండి. చట్నీ మీ వరకే చేసుకుంటున్నామని రాశారు కానీ ఏ జారులో రుబ్బుతున్నారో రాయలేదు. ఆ జారును బోర్లించి, బ్లేడు బిగించి ఉన్న గాడిలో టూత్‌పిక్ పెట్టి గీయండి. తర్వాత మూత లోపలి రబ్బరు రింగును ఊడదీసి, అది కూర్చునే సందును తడిగుడ్డతో తుడవండి. రోజూ కడిగే జారే అయినా టూత్‌పిక్ కొనకు గోధుమరంగు మడ్డి అంటుకుంటుంది, గుడ్డకు జిడ్డు తగులుతుంది. రబ్బరు రింగును ముక్కు దగ్గర పెట్టుకుంటే వెల్లుల్లి, వేయించిన పల్లీ వాసన ఇంకా తెలుస్తుంది. ఆ జారులోనే పాప కోసం కొబ్బరి పచ్చడి రుబ్బితే అందులో పల్లీ వేసినట్టే. వేడినీళ్లు పోసి ఒకసారి తిప్పితే చాలనుకుంటారు. పల్లీలో అలర్జీ తెచ్చే ప్రొటీన్లు వేడికి లొంగవు, వేయిస్తే మరింత మొండికేస్తాయి. సబ్బు పెట్టి పీచుతో రుద్ది, పారే నీళ్లలో కడిగితేనే పోతాయి. గాడిలోకి పీచు వెళ్లదు కాబట్టి పాపకు ఒక చిన్న జారు విడిగా కొనమని చెబుతాను. దాని మీద రంగు టేపు అంటించండి. వంటలో సాయానికి వచ్చే మనిషి ఉంటే ఆమెకూ ఆ గుర్తు చూపించండి.

తర్వాత నూనె. ఇప్పుడు చాలామంది గానుగ పల్లీ నూనెకు మారుతున్నారు. బాగా శుద్ధి చేసిన పల్లీ నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు కానీ గానుగ నూనెలో ఉంటుంది. పల్లీ పడని పిల్ల ఉన్న ఇంట్లో గానుగ పల్లీ నూనె వద్దు. పొద్దుతిరుగుడు నూనెకో, తవుడు నూనెకో మారితే ఈ చింత తప్పుతుంది. బజ్జీల బండి దగ్గరా, మిఠాయి కొట్టులోనూ ఏ నూనె వాడారో, ఆ మూకుడులో అంతకుముందు ఏం వేయించారో తెలియదు. అక్కడివి డబ్బాలో పెట్టకండి.

పల్లీ పేరు చెప్పకుండా వచ్చేవి ఇంకా ఉన్నాయి. గుత్తి వంకాయ మసాలాలో, బిర్యానీతో ఇచ్చే మిర్చీ సాలన్‌లో, కొన్ని ఇళ్ల కూరపొడిలో, పెళ్లి భోజనంలో వడ్డించే బెండకాయ వేపుడులో పల్లీ ఉంటుంది. చుట్టాలు ప్రేమగా పంపే పొడుల సీసాలు కూడా అడిగి తెలుసుకునే దాకా పాపకు పెట్టకండి.

ఇక డబ్బా సంగతి. ఇడ్లీ, దోసెల్లోకి పుట్నాలపప్పు, ఎండుకొబ్బరి, ఎండుమిర్చి, ఉప్పు కలిపి పాప జారులో పొడి కొట్టి, నెయ్యి వేసి ముద్దగా కలిపి పెట్టండి. పచ్చికొబ్బరి చట్నీ ఎండాకాలంలో మధ్యాహ్నానికి పులుస్తుంది, పొడి పులవదు. పల్లీ పడని పిల్లల్లో ఎక్కువ మందికి శనగ జాతి పప్పులు పడతాయి. అయినా పాప ఇప్పటికే ఇంట్లో ఏ ఇబ్బందీ లేకుండా తింటోందా అన్నది చూసుకున్నాకే పెట్టండి. నిమ్మకాయ పులిహోరలో కరకరలాడేందుకు పల్లీలే కావాలని లేదు. శనగపప్పు గంటసేపు నానబెట్టి, నీళ్లు వార్చి, తడి ఆరాక మినప్పప్పుతో కలిపి పోపులో ఎర్రగా వేయిస్తే పిల్లలు ఏరుకుని మరీ తింటారు. పల్చటి పెసరట్టు చల్లారాక చుట్టలా చుట్టి మూడు ముక్కలు చేసి పెట్టవచ్చు. ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నాన్ని చిన్న ఉండలు చేసి ఇస్తే చెంచాతో పని లేదు. గుడ్డు పడితే గుడ్డు పొరటు అన్నం పెట్టండి. చిక్కీ బదులు అటుకులు, బెల్లం, కొబ్బరి కలిపిన ఉండ ఇవ్వండి. గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు కొనేటప్పుడు విడిగా తూచి ఇచ్చేవి వద్దు. ఆ దుకాణంలో అదే గరిటతో పల్లీలూ తీస్తారు. సీలు వేసిన ప్యాకెట్ కొని, దాని మీద రాసినది చదవండి.

బడిలో మూడు మాటలు అడగండి: పిల్లలు ఒకరి డబ్బాలోది ఒకరు తినకూడదు, తిన్న తర్వాత అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, బల్లలను తడిగుడ్డతో సబ్బు పెట్టి తుడవాలి. చేతికి శానిటైజర్ రాసుకుంటే సరిపోతుందని టీచర్లు అనుకుంటారు. అది క్రిములను చంపుతుందేమో కానీ పల్లీ ప్రొటీన్‌ను చేతి మీద నుంచి తీసేయదు. సబ్బూ నీళ్లూ లేని చోట తడి వైప్స్ కొంత నయం. పాప బల్ల మీద పరుచుకునేందుకు ఒక గుడ్డ కూడా ఇవ్వండి. డబ్బా జారి ముద్ద బల్ల మీద పడితే పిల్లలు ఎత్తుకుని తినేస్తారు కదా.

పాపను వేరే మూలన ఒంటరిగా కూర్చోబెడతామని బడివాళ్లు అంటే ఒప్పుకోకండి. తన డబ్బాలో పల్లీ తెచ్చుకోని ఒక స్నేహితురాలిని పక్కన కూర్చోబెట్టమనండి. ఆ పిల్ల తల్లితో మీరే ఫోనులో మాట్లాడండి. అడిగితే కాదనే తల్లిని నేను చూడలేదు. బడి మొత్తంలో పల్లీ నిషేధించాలన్న ఆలోచన వినడానికి బాగుంటుంది కానీ మన దగ్గర నిలవదు. పైగా నిషేధం ఉందన్న ధైర్యంతో టీచర్లు చూడటం మానేస్తారు. 2021లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా నిషేధాల కంటే సిబ్బందికి శిక్షణ, బడిలో అత్యవసర మందు ఉంచడం మేలని సూచించాయి.

ప్రశ్న: మా మనవడికి ఆరేళ్లు. జీడిపప్పు, పల్లీ రెండూ పడవంటున్నారు. మా కాలంలో ఇవేవీ లేవు. చేలో పచ్చికాయలు పీక్కుని తిన్నాం. రోజూ సగం గింజ చొప్పున పెడుతూ పోతే ఒంటికి అలవాటు కాదా? కోడలు వినడం లేదు.
– ఒక నాయనమ్మ, తెనాలి

జవాబు: అమ్మగారూ, మీ కోడలి మాటే ఈ విషయంలో నిలబెట్టండి. మీరు అడిగినదాంట్లో నిజం బొత్తిగా లేకపోలేదు, కాబట్టి వివరంగా చెబుతాను.

లండన్‌లో 640 మంది పసిబిడ్డల మీద చేసిన లీప్ అనే అధ్యయనం 2015లో వెలువడింది. 4 నుంచి 11 నెలల వయసున్న ఆ పిల్లలకు తీవ్రమైన ఎగ్జిమా (దురదతో చర్మం ఎర్రబడి పొడిబారే జబ్బు) కానీ, గుడ్డు అలర్జీ కానీ, రెండూ కానీ ఉన్నాయి. సగం మందికి పల్లీ తిండి క్రమం తప్పకుండా పెట్టారు, మిగతా సగానికి అసలు పెట్టలేదు. ఐదేళ్లు వచ్చేసరికి పెట్టని వారిలో నూటికి 17 మందికి పల్లీ అలర్జీ తేలితే, పెట్టిన వారిలో 3 మందికే తేలింది. మీ తరం వాళ్లు పిల్లలకు ఇంటి తిండి తొందరగా మొదలుపెట్టేవారు కదా, ఆ పద్ధతికి ఈ అధ్యయనం బలం ఇచ్చింది. మీ ఇంట్లో ఇంకో పసిబిడ్డ పుడితే ఘనాహారం మొదలుపెట్టే వేళకే డాక్టరును అడిగి, పల్లీని మెత్తటి పిండిగా జావలో కలిపి పెట్టండి. గింజగా మాత్రం వద్దు, గొంతుకు అడ్డం పడుతుంది.

ఈ అలవాటు అలర్జీ పుట్టకముందు చేయాల్సినది. మీ మనవడికి ఇప్పటికే ఉంది. అలర్జీ ఉన్న పిల్లలకు కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చే వైద్యం లేకపోలేదు. అమెరికాలో పల్లీ పొడితో చేసిన మందుకు 2020 జనవరిలో 4 నుంచి 17 ఏళ్ల వారి కోసం అనుమతి ఇచ్చారు. దాని మొదటి మోతాదు గింజలో పిసరంత కూడా ఉండదు. అదీ డాక్టరు ముందు, ప్రాణాపాయం వస్తే ఆదుకునే ఏర్పాటు పక్కన పెట్టుకుని ఇస్తారు. మోతాదు పెంచిన ప్రతిసారీ మళ్లీ అక్కడికే వెళ్లాలి. దాని పక్కన సగం గింజ చాలా పెద్ద మోతాదు. ఇంట్లో చేయకండి, చాటుగా అసలే చేయకండి.

బాబు కోసం మీరు చేయగలిగిన పని ఒకటుంది. జీడిపప్పు పడని వారికి పిస్తా కూడా సాధారణంగా పడదు, ఆ రెండూ దగ్గరి చుట్టాలు. పొంగలి, పాయసం, ఉప్మా వండేటప్పుడు ఈ రెండూ లేకుండా మీ చేతి రుచి తేగలరు. పాయసంలో నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు వేయండి. గింజలు పడని పిల్లల్లో ఎక్కువ మందికి కొబ్బరి పడుతుంది. అలా చేసిన పాయసం ఇంట్లో అందరూ తింటే బాబుకు తనకొక్కడికే విడిగా వండారన్న బాధ ఉండదు.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు, ఆవు పాల అలర్జీ అన్నారు. గేదె పాలు, మేక పాలు ఇవ్వవచ్చా? నెయ్యి సంగతేమిటి? కాల్షియం ఎలా?
– ఒంగోలు నుంచి ఒక తండ్రి

జవాబు: ఇవ్వకూడదు. ఆవు, గేదె, మేక పాలల్లోని ప్రొటీన్లు దాదాపు ఒకే పోలికతో ఉంటాయి. ఒకటి పడనివారికి చాలా వరకు మిగతావీ పడవు. పెరుగు, మజ్జిగ, పనీర్, పాలకోవా, మలాయి, చాక్లెట్ అన్నీ అదే లెక్కలోకి వస్తాయి. నెయ్యిలో ప్రొటీన్ చాలా కొద్దిగా మిగులుతుంది. ఆ కొద్దికే ఒళ్లు తిరగబడే పిల్లలున్నారు కాబట్టి డాక్టరు సరేననే దాకా నూనెతోనే సరిపెట్టండి.

బిస్కెట్ ప్యాకెట్ మీద పాలు అన్న మాట కోసమే చూడకండి. వే, కేసిన్, కేసినేట్, మిల్క్ సాలిడ్స్ అన్నవన్నీ పాలే. కొబ్బరి పాలలో మాంసకృత్తులు తక్కువ, వాటిని పాలకు బదులుగా లెక్కపెట్టవద్దు. కాల్షియం కోసం రాగి పిండి ఉంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలలో వంద మిల్లీలీటర్లకు 120 దాకానే ఉంటుంది. రాగులు మొలకెత్తించి ఆరబెట్టి పిండి పట్టిస్తే అందులోని కాల్షియం ఒంటికి ఇంకా బాగా అందుతుంది. మునగాకు వేసిన పప్పు, నువ్వులు పడితే నువ్వుల పొడి, రాగి దోసె డబ్బాలోకి బాగుంటాయి. చాలామంది పిల్లల్లో పాల అలర్జీ బడి వయసులోనో, ఆ తర్వాతనో తగ్గిపోతుంది. ఏడాదికోసారి మళ్లీ చూపించండి. తగ్గిందా లేదా అన్నది ఇంట్లో పాలు తాగించి పరీక్షించకండి.

ఇంకొక మాట. పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు మాత్రమే అవుతుంటే అది పాల చక్కెర అరగకపోవడం కావచ్చు. అది వేరే సమస్య, దానికి ఇంత కట్టడి అక్కర్లేదు. మీ బాబుది ఏదో డాక్టరు దగ్గర తేల్చుకోండి. జుట్టో రక్తమో తీసుకుని వంద రకాల తిండ్ల జాబితా చేతికిచ్చే ఖరీదైన పరీక్షల వెంట పడకండి. ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం ప్రతిరక్షకం) అని ఉండే ఆ జాబితాలు అలర్జీని నిర్ధారించలేవు. వాటిని నమ్మి పప్పు, గుడ్డు, బియ్యం కూడా మానిపించి ఎండిపోయిన పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులను చూస్తే నాకు ఎంతో బాధ కలుగుతుంది.

ప్రశ్న: పాపకు గోధుమలు పడవు. జొన్న రొట్టె, రాగి దోసె, ఇడ్లీ పెడుతున్నాం. అయినా అప్పుడప్పుడు దద్దుర్లు వస్తున్నాయి. ఎక్కడి నుంచి వస్తున్నట్టు?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మీ పిండి మర అతన్ని అడగండి. మీ జొన్నలు పోయకముందు ఆ మరలో ఎవరివి పట్టాడు? చాలా మరల్లో గోధుమలే ఎక్కువగా పడతారు. రాళ్ల మధ్య, గొట్టంలో, కింద కట్టిన గుడ్డ సంచిలో ఆ పిండి ఉండిపోయి మీ జొన్న పిండిలో కలుస్తుంది. జొన్నలకూ రాగులకూ వేరే మర ఉన్న చోటికి వెళ్లండి. దొరక్కపోతే ఇంట్లో పాప కోసం ఒక చిన్న గిన్నెడు పిండి మిక్సీలోనే పట్టుకోండి. కాస్త బరకగా ఉన్నా దోసెకు పనికి వస్తుంది.

తర్వాత ఇంగువ. మనం కొనే ఇంగువ పొడి అచ్చమైన ఇంగువ కాదు. గోంద్‌తో (చెట్టు జిగురు) పాటు మైదా లేదా బియ్యప్పిండి కలిపి చేస్తారు. పులిహోరలో, సాంబారులో, పప్పు పోపులో రోజూ పడే చిటికెడులో గోధుమ ఉండవచ్చు. డబ్బా వెనక చదివి, బియ్యప్పిండితో చేసినదే కొనండి. బొంబాయి రవ్వ, సేమ్యా గోధుమవేనని మీకు తెలిసే ఉంటుంది కానీ ఇంటికి వచ్చిన అత్తయ్యలకు తెలియకపోవచ్చు. ఇడ్లీ రవ్వ బియ్యానిది, పరవాలేదు. ఫ్రైడ్ రైస్‌లో పోసే సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. బడి పక్క హోటలు దోసెలో ఏముందో చెప్పలేం. పెనం మీద అంతకుముందే చపాతీ కాల్చి ఉంటారు.

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి ఒకటో తరగతి. నువ్వులు పడవు. అమ్మ గుంటూరు నుంచి పొడులు, ఆవకాయ పంపిస్తుంది. బడి వాళ్లు జాగ్రత్తగానే ఉన్నారు కానీ ఇంటి తిండి గురించే నాకు భయం.
– ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: మీ భయంలో అర్థం ఉంది. మన వంటలో నువ్వులు చాలా చోట్ల దాక్కుంటాయి. ఆవకాయలో పోసేది చాలా ఇళ్లలో పప్పునూనే, అంటే గానుగ నువ్వుల నూనె. దానిలో ప్రొటీన్ ఉంటుంది. సంక్రాంతి అరిసెల మీద, సకినాల పిండిలో, చిమ్మిలిలో, పులిహోర పొడిలో, కొన్ని ఇళ్ల చింతపండు పచ్చడిలో నువ్వులుంటాయి. అబ్బాయికి పెట్టే పచ్చడి విడిగా, పొద్దుతిరుగుడు నూనెతో, కొత్త జాడీలో కలిపి పంపమని అమ్మగారికి చెప్పండి. పాత జాడీ వద్దు.

మీ దగ్గర 2023 జనవరి 1 నుంచి నువ్వులను కూడా ప్రధాన అలర్జీ పదార్థంగా ప్యాకెట్ మీద రాయడం తప్పనిసరి. భారతదేశంలో ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల అలర్జీ జాబితాలో గోధుమ వంటి ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, పల్లీలు, జీడి బాదం వంటి గింజలు, సోయా, సల్ఫైట్లు ఉన్నాయి కానీ నువ్వులు లేవు. కాబట్టి ఇండియా దుకాణంలో కొన్న ప్యాకెట్ మీద ‘కంటెయిన్స్’ అన్న వరుసలో నువ్వులు కనబడలేదని నిశ్చింతగా ఉండకండి. పదార్థాల జాబితా మొత్తం చదవండి. సెసమీ అనే కాదు, జింజెలీ, తిల్ అని కూడా రాస్తారు. ‘మే కంటెయిన్’ అన్న హెచ్చరిక రాయడం ఇక్కడ ఐచ్ఛికం. అది లేనంత మాత్రాన ఆ ఫ్యాక్టరీలో నువ్వులు లేవని కాదు.

మీ వైపు బ్రెడ్డు కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఆ చట్టం వచ్చాక, యంత్రాలు పూర్తిగా శుభ్రం చేసే బాధ పడలేక కొన్ని కంపెనీలు నువ్వుల పిండిని కావాలనే కలిపి జాబితాలో రాసేశాయి. నిరుటి వరకు పడిన బ్రెడ్డు ఈ ఏడాది పడకపోవచ్చు. కొన్న ప్రతిసారీ చదవాల్సిందే. బడితో 504 ప్లాన్, అంటే అబ్బాయి విషయంలో బడి తీసుకోవాల్సిన జాగ్రత్తల ఒప్పంద పత్రం, రాయించుకోకపోతే రాయించుకోండి. టీచరు మారినా జాగ్రత్తలు మారకుండా ఉండటానికి అది పనికొస్తుంది.

ప్రశ్న: నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడిని. ఒకటో తరగతిలో చేరిన ఒక పాపకు పల్లీ పడదని తల్లి చెప్పింది. కాగితం ఏమీ లేదు. బడి భోజనంలో చిక్కీ ఇస్తాం. పుట్టినరోజులకు పిల్లలు చాక్లెట్లు పంచుతారు. ఏదైనా జరిగితే ఏం చేయాలో నాకు తెలియదు. మా ఊరికి 108 రావడానికి సమయం పడుతుంది.
– శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక మాస్టారు

జవాబు: మాస్టారూ, కాగితం లేకపోయినా తల్లి మాటను నమ్మి రాశారు. అందుకు మీకు నమస్కారం.

డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగి జావ ఉంటాయి కదా. చిక్కీ పంచే రోజున పాపకు ఇంటి నుంచి బెల్లం అటుకుల ఉండ తెమ్మని తల్లికి చెప్పండి. చిక్కీని పాప తరగతిలో భోజనం ముగిశాక, చేతులు కడుక్కునే ముందు పంచండి. తిన్నాక అందరూ సబ్బుతో కడుక్కునేలా చూడండి. సబ్బు కుళాయి దగ్గర ఒక మేజోడులో వేసి కట్టేస్తే పోకుండా ఉంటుంది. వంట అక్కలతో మాట్లాడి పాపకు వడ్డించే గరిటను వేరుగా ఉంచండి. చిక్కీ విరిచిన చేత్తో గుడ్డు ఒలవకూడదు. పుట్టినరోజు చాక్లెట్లను పాప తానే సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లి అమ్మకు చూపించాలి. ‘అమ్మను అడిగి తింటాను’ అన్న వాక్యం ఆరేళ్ల పిల్ల చక్కగా చెప్పగలదు. తరగతిలో నాటకంలా రెండు మూడుసార్లు ఆడించండి. మిగతా పిల్లలూ నేర్చుకుంటారు.

తల్లిని ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు దగ్గరికి పంపండి. పాప బరువు, ఏది పడదు, ఏమైతే ఏ మందు ఎంత ఇవ్వాలి అన్నది ఒక కాగితం మీద రాయించి తెమ్మనండి. ఒక ప్రతి మీ బల్ల దగ్గర గోడకు, ఒకటి ప్రధానోపాధ్యాయుడి గదిలో అంటించండి.

ఇక ఆపద గుర్తులు. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు వస్తాయి. మూతి చుట్టూ ఎరుపు, కొద్దిపాటి దద్దుర్లు మాత్రమే ఉంటే పాపను కళ్లెదుటే కూర్చోబెట్టుకుని తల్లిని పిలిపించండి. నాలుక వాపు, గొంతు బొంగురు పోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, ఎగశ్వాస, పదే పదే వాంతులు, ముఖం పాలిపోవడం, కళ్లు తిరగడం, మాట తడబడటం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది ప్రాణాంతకమైన అలర్జీగానే చూడాలి. చర్మం మీద ఏమీ లేకపోయినా సరే.

దానికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. తొడ వెలుపలి వైపు కండరంలోకి ఇస్తారు. పాశ్చాత్య దేశాల్లో పెన్నులా ఉండే ఇంజెక్షన్ మన దగ్గర సులువుగా దొరకదు కాబట్టి మన డాక్టర్లు మామూలు సిరంజి, యాంపూల్‌తోనే ఏర్పాటు చేస్తుంటారు. పాప డాక్టరు అలా రాసిస్తే మోతాదు, ఇచ్చే పద్ధతి ఆయన దగ్గరే నేర్చుకోండి, మీతో పాటు ఇంకొకరు కూడా. సెట్రిజిన్ సిరప్ దురదను తగ్గిస్తుంది కానీ ఊపిరి అందని స్థితిని ఆపలేదు. సిరప్ పోసి ఎదురుచూడటమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

పాపను నిలబెట్టకండి, నడిపించకండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తుగా పెట్టండి. ఊపిరి ఆడక ఆయాసపడుతుంటే కూర్చోనివ్వండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. నీళ్లు, నిమ్మరసం, మజ్జిగ ఏవీ తాగించవద్దు. 108కి ఫోను చేసి ‘తీవ్రమైన అలర్జీ, చిన్నపిల్ల, ఊపిరి అందడం లేదు’ అని ఆ మాటలతోనే చెప్పండి. ఇంజెక్షన్ ఇచ్చాక పాప తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టడం ఉంటుంది, అందుకే అక్కడ ఉంచి చూస్తారు.

మీ ఊరికి 108 రావడానికి సమయం పడుతుందన్నారు కాబట్టి ముందే మూడు సంగతులు తేల్చుకోండి: దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడ్రినలిన్ ఉందా, అక్కడ ఏ వేళల్లో డాక్టరు ఉంటారు, అవసరమైతే పాపను తీసుకెళ్లేందుకు బడి దగ్గరలో ఎవరి ఆటో అందుబాటులో ఉంటుంది. ఆటో అతని నంబరూ, తల్లి నంబరూ ఆ కాగితం మీదే పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. మీరు సెలవులో ఉన్న రోజున మీ తరగతి చూసే టీచరుకు ఆ కాగితం ఎక్కడుందో ముందుగానే చూపించండి.